స్కాండినేవియన్ భాషల కోర్సుకి అప్లై చేసే ముందు

స్వీడన్‌లో శరదృతువు సెమిస్టర్‌కి మొదటి విడత అప్లికేషన్లు జనవరి మధ్యలో ముగుస్తాయి. డబ్బు కట్టేలోపు ఇవి చూసుకోండి.

* పాఠాలు ఏ భాషలో చెప్తారు? అన్నిటికంటే ముందు ఇదే. యూనివర్సిటీ పేజీ ఇంగ్లీషులో కనిపించినంత మాత్రాన క్లాసు కూడా ఇంగ్లీషులో ఉంటుందనుకోవద్దు. స్వీడిష్ భాషలో డిగ్రీ అంటే చాలావరకు స్వీడిష్‌లోనే బోధన, అందుకే చేరేముందే టిసస్ లాంటి స్వీడిష్ భాషా పరీక్ష పాసవ్వమంటారు (డెన్మార్క్ అయితే స్టూడియెప్రోవెన్ అనే డేనిష్ పరీక్ష). అది లేక సీటు రాకపోతే 900 క్రోనార్ల అప్లికేషన్ ఫీజు మామూలుగా తిరిగి రాదు, ఏడాదీ పోతుంది.

* నార్వేలో చదువు ఫ్రీ అనే పాత వీడియోలు నమ్మొద్దు. యూరప్ బయటి నుంచి వచ్చేవాళ్లకి 2023 నుంచి అక్కడి ప్రభుత్వ యూనివర్సిటీల్లోనూ ఫీజు పెట్టారు. స్వీడన్‌లో 2011 నుంచే ఉంది.

* సిలబస్‌లో పాత నార్స్ (వైకింగుల కాలపు స్కాండినేవియన్ భాష) ఎంత ఉందో చూడండి. వైకింగ్ సీరియళ్ల మోజుతో చేరితే ముందు ఎదురయ్యేది విభక్తుల పట్టికలు, 13వ శతాబ్దపు ఐస్‌లాండ్ సాగాలు (పాత వచన కథలు). నాకైతే అసలు మజా అక్కడే, కానీ అందరికీ పడదు.

* డేనిష్ కొన్ని గంటలైనా విని చూడండి. రాతలో నార్వేలో ఎక్కువమంది రాసే బుక్మోల్‌కి దగ్గరే, చెవికి మాత్రం చాలా కష్టం.

* ఫిన్నిష్ ఈ స్కాండినేవియన్ భాషల కుటుంబం కాదు, పొరపాటున టిక్ పెట్టకండి.

* స్వీడన్ స్టూడెంట్ రెసిడెన్స్ పర్మిట్‌కి ఖర్చుల డబ్బు మీ పేరు మీదున్న అకౌంట్‌లోనే చూపించాలి, నాన్న అకౌంట్ చాలదు.