తీగ మీద ఉరుము – నాలుగో పాఠం: తీగ దాటడం

గత మూడు పాఠాల్లో మనం గిటార్ మీద ఒకే తీగను పట్టుకుని కూర్చున్నాం. పిక్ (తీగను మీటే చిన్న పలక) కిందికి, పైకి, కిందికి, పైకి, నోటితో తకధిమి, పక్కన టిక్కుటిక్కుమంటూ లయ చూపే మెట్రోనోమ్. అది చేతికి వచ్చేసిందని సంబరపడిన వాళ్ళకు ఈ పాఠం కాస్త చేదుగా ఉంటుంది.

హసన్‌పర్తి నుంచి ఆదివారాలు నా దగ్గరికి వచ్చే కుర్రాడు ఒకే తీగ మీద మెట్రోనోమ్ 150 వేగంలో, టిక్కుకు నాలుగు, అంటే సెకనుకు పది దెబ్బల చొప్పున, తడబాటు లేకుండా వాయించాడు. ఇప్పుడు రెండో తీగకు దాటు అన్నాను. గోనెసంచిలోంచి గిన్నెలు గుమ్మరించినట్టయింది. “ఎడమచేతి వేళ్ళు బాగానే పోతున్నాయి కదన్నా?” అని అడిగాడు. నిజమే, బాగానే పోతున్నాయి. పిక్ మాత్రం దారిలో ఇరుక్కుపోయింది.

ఎక్కడ ఇరుక్కుందో చూడడానికి ఇటలీ సంగీతకర్త వివాల్డీ దగ్గరికి వెళదాం. ఆయన నాలుగు ఋతువుల వయొలిన్ కృతులు 1725లో ఆమ్‌స్టర్‌డాంలో అచ్చయ్యాయి. వాటిలో ‘వేసవి’ చివరి భాగం జి మైనర్ అనే స్వరవరసలో సాగే తుఫాను. ఒక్కో కృతికి ఒక్కో పద్యం జోడించి ఉంటుంది. వేసవి పద్యం చివర వడగళ్ళు పడి పంట వెన్నులు విరిగిపోతాయి. ఇది ఇటలీ సంగతే అయినా, ఏప్రిల్‌లో వరంగల్ ఏనుమాముల మార్కెట్ యార్డులో మిర్చి రాశులు పోసుకుని, పడమటి మబ్బును చూసి టార్పాలిన్ల కోసం పరుగెత్తే రైతును ఒక్కసారైనా చూసిన మనకు ఆ సంగీతాన్ని ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు. మెటల్ (హోరెత్తించే రాక్ సంగీతం) గిటారిస్టులు ఈ భాగాన్ని ఎందుకంతగా వాయిస్తారో కూడా అందులోనే తెలుస్తుంది. ఒకే స్వరాన్ని పదేపదే కొట్టడం, స్వరాల మెట్ల మీదుగా ఒక్కసారిగా కిందికి జారడం. మెటల్ చేసే పని కూడా దాదాపు అదే.

అయితే వయొలిన్‌కు ఉన్న ఒక సౌకర్యం మనకు లేదు. వయొలిన్ బ్రిడ్జి, అంటే తీగలను మోసే దిమ్మ, విల్లులా వంగి ఉంటుంది కాబట్టి తీగలు ఒకే మట్టంలో ఉండవు. కమాను కోణం కాస్త మార్చితే చాలు, పక్క తీగ పలుకుతుంది. గిటార్ తీగలు దాదాపు ఒకే మట్టంలో పరుచుకుని ఉంటాయి. పిక్ కొన వాటి మధ్య దిగి ఉంటుంది. పక్క తీగకు పోవాలంటే దాన్ని పైకి ఎత్తి దాటించాలి. మన కష్టమంతా ఆ చిన్న గెంతులోనే ఉంది.

ఇక గిటార్ తీసుకోండి. యాంప్ (ధ్వని పెంచే పెట్టె) వద్దు. కరెంటు పోయిన వేళయితే మరీ మంచిది. కింద ఇంటివాళ్ళూ సంతోషిస్తారు.

జి మైనర్ అవరోహణ. మన లెక్కలో నటభైరవి. మొదటి తీగ, అంటే సన్నది, దాని మీద 15, 13, 11 ఫ్రెట్లు (గిటార్ మెడ మీది అడ్డ మెట్లు): స ని ద. రెండో తీగ మీద మళ్ళీ 15, 13, 11: ప మ గ. మూడో తీగ మీద 14, 12: రి స. పై రెండు తీగలకూ చిటికెన వేలు 15, ఉంగరపు వేలు 13, చూపుడు వేలు 11. మూడో తీగకు చిటికెన వేలు 14, మధ్య వేలు 12. చెయ్యి స్థానం మారదు. గమకాలు వద్దు, స్వరం మేకు కొట్టినట్టు నిలబడాలి. కర్ణాటక సంగీతం నేర్చుకున్న వాళ్ళకు ఇది మొదట మొరటుగా తోస్తుంది, ఓర్చుకోండి.

మొదటి సాధన: ఒక్కో స్వరానికి నాలుగు దెబ్బలు, మెట్రోనోమ్ 60. ప్రతి స్వరమూ కింది దెబ్బతో మొదలై పై దెబ్బతో ముగుస్తుంది. మొదటి తీగ మీద చివరి దెబ్బ పైకి కొట్టగానే పిక్ ఎక్కడ ఉందో ఆగి చూడండి. ఒకటో తీగకూ రెండో తీగకూ మధ్య చిక్కుకుని ఉంటుంది. రెండో తీగను కిందికి కొట్టాలంటే దాన్ని దాటి అవతలికి వెళ్ళాలి. మా కుర్రాడు దాటలేదు, గుద్దుకున్నాడు.

కుడి ముంజేతిని కొద్దిగా, చాలా కొద్దిగా, అరచేయి ఆకాశం వైపు తిప్పండి. చిటికెన వేలి వైపు అంచు బ్రిడ్జి దగ్గర ఆనుతుంది. ఈ వాలులో కింది దెబ్బ గిటార్ లోపలికి దిగుతుంది, పై దెబ్బ దానంతట అదే గాలిలోకి లేస్తుంది. అలా లేచిన పిక్‌ను ఏ తీగ మీద కావాలంటే దాని మీద దించవచ్చు. ఇక ప్రత్యేకంగా గెంతాల్సిన పనిలేదు. ఇది ఒంటికి పట్టేదాకా వేగం పెంచకండి. నాకు మూడు వారాలు పట్టింది, అందులో రెండు వారాలు చెయ్యి మరీ ఎక్కువ తిప్పి మణికట్టు నొప్పి తెచ్చుకోవడంలో పోయాయి.

రెండో సాధన: ఒక్కో స్వరానికి ఒక్కటే దెబ్బ. ఇక్కడ కొత్త చిక్కు. తీగకు మూడు స్వరాలు కాబట్టి మూడో దెబ్బ కిందికి పడుతుంది, పిక్ లోపలే ఉండిపోతుంది. దీనికి విరుగుడు మూడో స్వరాన్ని పిక్‌తో కొట్టకపోవడమే. 15 కిందికి, 13 పైకి, 11ను మాత్రం ఉంగరపు వేలు తీగను కొద్దిగా గోకుతూ వదలడం ద్వారా పలికించండి. దీన్ని పుల్ ఆఫ్ అంటారు. చూపుడు వేలు ముందే 11 మీద సిద్ధంగా ఉండాలి. రెండో తీగ మీదా ఇంతే. మూడో తీగకు రెండే స్వరాలు: కిందికి, పైకి. మొత్తం ఎనిమిది స్వరాలకు ఆరే దెబ్బలు, ప్రతి తీగ దగ్గరా పిక్ గాలిలోనే ఉంటుంది. ఇది దొంగదారి అని కొందరు మూతి విరుస్తారు. 1984లో తొలి సొంత ఆల్బంతో ఈ వివాల్డీ తరహా మెటల్ బాణీకి పేరు తెచ్చిన స్వీడన్ గిటారిస్టు ఇంగ్వే మాల్మ్‌స్టీన్ ఈ దారినే రాచబాటగా మార్చుకున్నాడు.

చేతికి ఈ వరస తకిట తకిట తక, మూడు మూడు రెండు. చెవికి మాత్రం అది తకధిమి తకధిమిగానే వినబడాలి. కాబట్టి ఊనిక ఒకటో స్వరం ‘స’ మీద, అయిదో స్వరం ‘మ’ మీద. ఆ ‘మ’ రెండో తీగ మధ్యలో, పై దెబ్బ మీద వస్తుంది; సహజంగా బలహీనంగా పడే చోటు. ఊనిక తీగ మారిన చోట ‘ప’ మీదికి జారిపోతే వివాల్డీ పోయి బతుకమ్మ చప్పట్లు మొదలవుతాయి. (చప్పట్ల మీద నాకు గౌరవమే, ఇక్కడ మాత్రం వద్దు.) నోటితో తకధిమి అంటూ, ‘త’ పడినప్పుడల్లా పాదం నేల మీద కొట్టండి. నోరు మూసుకుని సాధన చేసేవాడు ఇక్కడ తప్పక జారతాడు.

ఇప్పుడు యాంప్ పెట్టి డిస్టార్షన్ (ధ్వనిని గరుకుగా మార్చే మీట) తెరవండి. డిస్టార్షన్ పెద్ద ధ్వనిని అణచి చిన్న ధ్వనిని లేపుతుంది కాబట్టి పిక్ తగలని స్వరం కూడా మిగతా వాటితో సమానంగా వినిపిస్తుంది. అదే కారణంతో, మీరు వాయించని తీగ కదిలినా అదీ గర్జిస్తుంది. లావు తీగల మీద కుడి అరచేతి అంచు ఆనించి ఉంచండి. దాటి వచ్చేసిన సన్న తీగల మీద చూపుడు వేలి అడుగు భాగం తేలిగ్గా తగలనివ్వండి. ఈ మూయడం రాకుండా వేగం వస్తే అది వడగళ్ళ వానలో రేకుల షెడ్డు.

వారం పని: రోజుకు ఇరవై నిమిషాలు, 60 నుంచి మొదలుపెట్టి, తప్పు లేకుండా వరసగా అయిదుసార్లు వచ్చినప్పుడే నాలుగు అంకెలు పెంచండి. ఈ ఎండల్లో చెమటకు తీగలు తుప్పు పడతాయి, లేచేముందు పొడి గుడ్డతో తుడవండి. వచ్చే పాఠంలో ఇదే వరసలో మొదటి తీగ మీద 13వ ఫ్రెట్ బదులు 14, అంటే కైశికి నిషాదం స్థానంలో కాకలి నిషాదం. నటభైరవి కీరవాణి అవుతుంది, చిటికెన వేలికీ ఉంగరపు వేలికీ మధ్య ఒక్క ఫ్రెట్టే మిగులుతుంది. ఈలోగా 14 నుంచి 11కు ఉంగరపు వేలితో పుల్ ఆఫ్ చేసి చూడండి, చెయ్యి ఎక్కడ లాగుతుందో గుర్తుపెట్టుకోండి.