పాలపళ్లకు కాపలా – 3వ పాఠం: బ్రష్ అయ్యాక సీసా

ఈ పాఠంలో పై పెదవి ఎత్తి పళ్లు ఎలా చూడాలో నేర్పాలి. నేర్పుతాను, కానీ ముందు రెండో పాఠం చదివి మీరు రాసి పంపిన సందేహాలకు, చెప్పిన సంగతులకు జవాబుల బాకీలు తీర్చుకుందాం.

చిన్నవి మొదట. పాప పేస్టు మింగేస్తోందని టెన్షన్ పడి కొందరు ఫ్లోరైడ్ (పుచ్చు రాకుండా పంటిని కాపాడే పదార్థం) లేని పేస్టుకు మారిపోయారు. మళ్లీ పాతదానికే రండి. బియ్యపు గింజంత పేస్టు అంటే సుమారు 0.1 గ్రాము. 1000 పీపీఎం, అంటే పది లక్షల పాళ్లలో వెయ్యి పాళ్లు ఫ్లోరైడ్ ఉన్న పేస్టైతే అందులో ఉండే ఫ్లోరైడ్ 0.1 మిల్లీగ్రాము. మూడేళ్లలోపు పిల్లలకు ఉమ్మడం రాదని, ఎంతో కొంత మింగుతారని తెలిసే ఆ కొలత పెట్టారు. మూడేళ్లు నిండాక బఠాణీ గింజంత. బ్రష్ ఈ చివర నుంచి ఆ చివరిదాకా పేస్టు పిండటం ప్రకటనల్లో చూడటానికే బాగుంటుంది. పండ్ల రుచి పేస్టులు నాకు గిట్టవు, అదేదో తినే వస్తువనుకుని పిల్లలు ట్యూబే చీకుతారు. ఏ రుచిదైనా సరే, ట్యూబు వాళ్ల చేతికి అందకూడదు.

నోరు తెరవడం లేదన్నవాళ్లు ఎదురుగా నిలబడి కుస్తీ పట్టకండి. మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టి, తల మీ ఒడివైపు వచ్చేలా వెనక కూర్చోండి. చూపుడు వేలును చెంప లోపలి నుంచి పోనిచ్చి, చివరి పన్ను వెనకున్న చిగురు మీద ఆనించండి. నోరు దానంతటదే తెరుచుకుంటుంది, వేలికి కాటూ పడదు. ఏడిస్తే ఇంకా మేలు, నోరు తెరిచే ఉంటుంది కదా, ఆ కాసేపట్లో పై ముందు పళ్లు కానిచ్చేయండి. ఎలాంటి బ్రష్ కొనాలని అడిగినవాళ్లకు జవాబు: చిన్న తల, మెత్తటి కుచ్చు. అంతకు మించి అందులో ఏమీ లేదు.

ఇక అసలు బాకీ. చాలామంది చెప్పింది దాదాపు ఒకటే మాట: "రాత్రి చక్కగా బ్రష్ చేశాం, తర్వాత పాలు పట్టి పడుకోబెట్టాం." చదివినప్పుడల్లా నాకు ఒళ్లు మండింది. రాత్రి బ్రష్ తర్వాత నీళ్లు తప్ప ఇంకేదీ వద్దని రెండో పాఠంలో స్పష్టంగానే రాశాను. "కానీ అవి ఉత్త పాలే కదా, చక్కెర వేయలేదు" అని సమాధానం. మనం వేయకపోయినా పాలలో లాక్టోజ్ అనే చక్కెర ఉండనే ఉంటుంది. డబ్బా పాలలోనూ ఉంటుంది. పగటిపూట భోజనంతో పాటు గ్లాసులో తాగే పాలతో నాకు పేచీ లేదు. పేచీ అంతా నిద్రలోకి జారుకుంటూ సీసాలో చప్పరించే పాలతోనే.

ఎందుకో వివరంగా చెబుతాను. పంటి మీది పాచిలో ఉండే బాక్టీరియా చక్కెరను తిని ఆమ్లం వదులుతుంది. ఆ చోట పీహెచ్ (ఆమ్లాన్ని కొలిచే అంకె, ఆమ్లం పెరిగితే ఇది తగ్గుతుంది) సుమారు 5.5 కంటే దిగితే ఎనామెల్‌లోని, అంటే పంటి పైనుండే గట్టి పొరలోని, ఖనిజం కరగడం మొదలవుతుంది. మెలకువగా ఉన్నప్పుడు లాలాజలం ఊరుతూ ఆమ్లాన్ని కడిగేస్తుంది, పోయిన ఖనిజాన్ని కొంత తిరిగి పూడుస్తుంది. నిద్రపోగానే లాలాజలం బాగా తగ్గిపోతుంది, గుటకలూ తగ్గుతాయి. ఆఖరి గుక్క పాలు పై ముందు పళ్ల చుట్టూ అలాగే నిలిచిపోతాయి. సీసా తాగే పిల్లల్లో పై నాలుగు ముందు పళ్లు ముందుగా పాడై, కింది ముందు పళ్లు శుభ్రంగా మిగలడం చూసే ఉంటారు. కింది పళ్లను నాలుక కప్పేస్తుంది, వాటి పక్కనే లాలాజలం ఊరుతుంది. అంతే తేడా. పైగా పాలపళ్ల ఎనామెల్ శాశ్వత దంతాల ఎనామెల్ కంటే పలచన, పుచ్చు మొదలైతే లోపలికి వేగంగా పోతుంది.

కాబట్టి వరుస మార్చండి: పాలు, ఆ తర్వాత బ్రష్, ఆ తర్వాత కథో జోకొట్టడమో. నిద్రమత్తు రాకముందే, ఇంకా ఆడుతుండగానే బ్రష్ చేసేయడం నాకిష్టమైన పద్ధతి. అరగంట ముందైనా ఫర్వాలేదు, మధ్యలో ఏమీ తినకుండా ఉంటే చాలు.

సీసా లేనిదే నిద్రపోని పిల్లల సంగతి? ఏడాది దాటినవాళ్లకైతే సీసాలో పాలు తగ్గిస్తూ నీళ్లు పెంచుతూ పోండి. మొదట నాలుగో వంతు నీళ్లు, రెండు మూడు రాత్రుల తర్వాత సగం, చివరికి అన్నీ నీళ్లే. ఆ రుచిలేని నీళ్ల కోసం పిల్లలే పెద్దగా మారాం చేయరు. ఏడాదిలోపు పిల్లల పాలలో మాత్రం ఎప్పుడూ అదనంగా నీళ్లు కలపకండి, వాళ్ల పోషణ ఎక్కువగా ఆ పాల మీదే ఆధారపడి ఉంటుంది. వాళ్లకు ఒళ్లో పెట్టుకుని పట్టండి, సీసా నోట్లో ఉంచి పడుకోబెట్టకండి. పళ్లు వచ్చి ఉంటే తడి గుడ్డతో ఒకసారి తుడవండి. కప్పుతో తాగడం ఆరో నెల నుంచే అలవాటు చేస్తే, 12 నుంచి 18 నెలల మధ్య సీసా మానిపించడం అంత కష్టం కాదు.

తల్లిపాలు ఇచ్చేవాళ్లు బెంబేలెత్తి మానేయకండి. రెండేళ్లు, ఆపైన కూడా ఇవ్వవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది. ఏడాది దాటి, ఇతర ఆహారం కూడా తింటూ, రాత్రంతా అడిగినప్పుడల్లా తాగే పిల్లల్లో మాత్రం పుచ్చు ముప్పు పెరుగుతుంది. వాళ్లకు పడుకునే ముందు పళ్ల మీద తిండి తునక కూడా మిగలకుండా బ్రష్ చేయడం తప్పనిసరి.

పగటి సంగతీ ఒక మాట. ఎంత తిన్నారన్న దానికంటే ఎన్నిసార్లు తిన్నారన్నదే ముఖ్యం. ఒక బాబు అరకప్పు జ్యూస్‌ను భోజనంతో పాటు ఒకేసారి తాగేశాడు. ఇంకో బాబు అంతే జ్యూస్‌ను మూత కప్పులో పోసుకుని, మధ్యాహ్నమంతా ఇల్లు తిరుగుతూ గుక్కగుక్కగా తాగాడు. ప్రతి గుక్కకూ ఆమ్లం మళ్లీ మొదలు, లాలాజలానికి ఊపిరి సలపదు. చేత పట్టుకు తిరిగే బిస్కెట్టూ అంతే. ఏడాదిలోపు జ్యూస్ అసలు వద్దు. ఒకటి నుంచి మూడేళ్ల దాకా ఇచ్చినా రోజుకు 120 మిల్లీలీటర్లు దాటకూడదు. తియ్యటి మందు సిరప్ రాత్రి వేయాల్సి వస్తే బ్రష్‌కు ముందే వేయండి.

ఇప్పుడు పెదవి. నెలకోసారి చాలు. వెలుతురున్న చోట ఇందాకటిలాగే పడుకోబెట్టి, బొటనవేలితో పై పెదవిని ముక్కువైపు ఎత్తండి. పళ్లను పొడి గుడ్డతో తుడవండి, తడిమీద తొలి మచ్చలు కనిపించవు. పన్ను చిగురును ఆనుకునే చోట సుద్దముక్కతో గీసినట్టు తెల్లగా, మెరుపు లేని గీత ఉందా చూడండి. అదే పుచ్చుకు మొదటి గుర్తు. ఈ దశలో ఫ్లోరైడ్‌తో, అలవాట్లు మార్చడంతో వెనక్కి మళ్లించవచ్చు. గోధుమరంగు, గుంత, విరిగిన అంచు కనిపిస్తే ఇంటి వైద్యం కుదరదు, వెంటనే దంతవైద్యుల దగ్గరికి వెళ్లాలి. ఏమీ కనిపించకపోయినా మొదటి పుట్టినరోజు లోపు ఒకసారి చూపించాలి. ఫ్లోరైడ్ వార్నిష్ (దంతవైద్యులు పళ్లకు పూసే ఫ్లోరైడ్ పూత) అవసరమా, ఎన్ని నెలలకోసారి వేయాలి అన్నది అక్కడే అడగండి.

అభ్యాసం: వచ్చే పాఠం లోపు వరుసగా ఏడు రోజులు నీళ్లు కాకుండా నోట్లోకి వెళ్లిన ప్రతిదీ రాయండి. పాలు, జ్యూస్, మందు, ఎవరో చేతిలో పెట్టిన ముక్క, ఏదీ వదలొద్దు. మొదలైన టైము, ముగిసిన టైము రెండూ కావాలి. రాత్రి రెండింటికి లేచి పట్టిన సీసాతో సహా. గుక్కలు, ముద్దలు కాదు, రోజుకు ఎన్ని విడతలు వచ్చాయో లెక్కపెట్టి, రాత్రి బ్రష్ తర్వాత పడ్డ విడతల కింద ఎర్రగీత గీయండి. అది కష్టమైన పనే, తెలుసు. నాలుగో పాఠం ఆ కాగితంతోనే మొదలవుతుంది.