వానలు మొదలయ్యేలోపు మీ కుక్క, పిల్లి పొట్ట ఒకసారి చూసుకోండి

పెరటాసి నెల (సెప్టెంబరు మధ్య నుంచి అక్టోబరు మధ్య దాకా) నడుస్తోందంటే మన తిరుపతి, చిత్తూరు వైపు అసలు వానలు ఇంకా ముందున్నాయన్నమాట. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ముసురు, మధ్యలో ఒకటో రెండో వాయుగుండాలు. ఈ నెలల్లో కుక్కను వాకింగ్‌కు తీసుకుపోవడం తగ్గిపోతుంది, అది వరండాలో గోనెపట్టా మీద పడుకునే ఉంటుంది, పొట్ట కొంచెం కనిపిస్తే "తిరగడం లేదు కదా, ఒళ్లు చేసింది" అనేసుకుని ఊరుకుంటాం. నా టెన్షనంతా ఆ ఊరుకోవడం గురించే. అలా వారాలు గడిచిపోయి, తీరా కుంభవృష్టి కురిసే రాత్రి అది లేవలేకపోతే, 2021 నవంబరులో లాగా తిరుపతి వీధులు మునిగి ఉంటే, డాక్టరు దగ్గరికి ఎట్లా పోతారు? రోడ్లు పొడిగా ఉన్నప్పుడే చూసుకోండి.

ముందు బరువు. కుక్కను ఎత్తుకుని తూకం మిషన్ మీద నిలబడండి, అందులోంచి మీ బరువు తీసేసి క్యాలెండరులో రాసిపెట్టండి. తర్వాత చేత్తో తడమండి. నిజంగా కొవ్వు పట్టిన కుక్కకు మెడ, వీపు, నడుము అన్నీ నిండుగా ఉంటాయి, పక్కటెముకలు వేళ్లకు ఒక పట్టాన దొరకవు. అట్లా కాకుండా వెన్నుపూస చేతికి గుచ్చుకుంటూ, తొడలు సన్నబడి, పొట్ట ఒక్కటే కిందికి జారితే అది కొవ్వు కాదు, లోపల నీరు చేరి ఉండొచ్చు. నీటికీ బరువుంటుంది కాబట్టి తూకంలో మాత్రం లావైనట్టే చూపిస్తుంది, చాలామంది మోసపోయేది ఇక్కడే. పొట్టకు ఒక పక్క అరచెయ్యి ఆనించి, రెండో పక్క వేలితో మెల్లగా తట్టండి. నీరు బాగా ఉంటే లోపల అల కదిలినట్టు అరచేతికి తెలుస్తుంది. లివర్ దెబ్బతిన్నా, గుండె బలహీనపడినా, రక్తంలో ప్రోటీన్ బాగా పడిపోయినా ఇట్లా నీరు చేరుతుంది. నీరు తీయించేస్తే సరిపోదు, ఎందుకు చేరిందో రక్తపరీక్షలో, స్కానింగులో తేలాలి, లేకపోతే మళ్లీ చేరుతుంది.

పిల్లకుక్కల సంగతి వేరే. ఒళ్లంతా బక్కగా ఉండి పొట్ట మాత్రం గుండ్రంగా ఉంటే ఎక్కువగా నట్టలే (కడుపులో పురుగులే) కారణం. తల్లి కడుపులో ఉన్నప్పుడే, పాలు తాగేటప్పుడే పిల్లలకు అంటుకుంటాయి. అందుకే రెండు వారాల వయసు నుంచి రెండు నెలలు నిండేదాకా రెండు వారాలకోసారి, తర్వాత ఆరు నెలల దాకా నెలకోసారి, ఆ పైన మూడు నెలలకోసారి నట్టల మందు వేయించమంటారు. మోతాదు బరువును బట్టి డాక్టరు చెప్పాలి. తడి మట్టిలో నట్టల పిల్లలు బాగా బతుకుతాయి, కొన్ని మన పిల్లలకూ సోకుతాయి, కాబట్టి వానలకు ముందు ఒక డోసు పడేట్టు చూసుకోండి. ఇంకోటి, పెరటాసిలో, కార్తీకంలో మన ఇళ్లలో నీచు ముట్టం, దాంతో కుక్కకూ గుడ్డు, చికెన్ ఆగిపోయి పెరుగన్నం ఒక్కటే మిగులుతుంది. ఎదిగే పిల్లకు అది చాలదు. వండటం ఇష్టం లేకపోతే ఆ రోజులకు ప్యాకెట్ ఫీడ్ కొని పెట్టండి.

వానాకాలంలో నేను ఎక్కువగా భయపడేది దురద మాత్రల గురించి. తేమకు చర్మం చెడి కుక్క గోక్కుంటూ ఉంటుంది, ఎవరో చెప్పారని మెడికల్ షాపులో ప్రెడ్నిసొలోన్ తెచ్చి వేస్తారు, రెండు రోజుల్లో దురద తగ్గుతుంది, ఇక మళ్లీ గోక్కున్నప్పుడల్లా అదే మాత్ర. అది స్టెరాయిడ్. వారాల తరబడి వాడితే ఆకలి, దాహం విపరీతంగా పెరుగుతాయి, ఇంట్లోనే మూత్రం పోసేస్తుంది, పొట్ట కండరాలు వదులై కిందికి వేలాడుతుంది, చర్మం పలచబడుతుంది. మాత్రలేవీ వాడకపోయినా ఇవే లక్షణాలు వయసు మళ్లిన కుక్కలో కనిపిస్తే దాని ఒంట్లోనే అలాంటి స్టెరాయిడ్ హార్మోన్ ఎక్కువవుతుండొచ్చు, కుషింగ్స్ అంటారు. ఇప్పటికే చాలా రోజులుగా స్టెరాయిడ్ వాడుతుంటే మాత్రం ఈ రోజే టక్కున ఆపేయకండి, అదీ ప్రమాదమే, డాక్టరు చెప్పినట్టు కొంచెం కొంచెంగా తగ్గించాలి.

తిండి పెంచకుండానే బరువు పెరుగుతూ, మందకొడిగా పడుకుంటూ, చలికి ముడుచుకుపోతూ, తోక మీదా నడుము పక్కలా వెంట్రుకలు రాలుతుంటే థైరాయిడ్ పరీక్ష చేయించండి. థైరాయిడ్ తక్కువని తేలితే, డాక్టరు రాసిన మాత్ర రోజూ వేస్తే మామూలుగా తిరుగుతుంది.

పిడుదులు ఇప్పుడే ఏరించి మందు వేయించండి, అవి అంటించే జ్వరాల్లో పొట్టలోని ప్లీహం వాస్తుంది, చిగుళ్లు తెల్లబడతాయి.

ఆడకుక్కకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించకపోతే ఇది తప్పకుండా గుర్తుంచుకోండి. ఎద అయిపోయిన నెల, రెండు నెలల్లోపు నీళ్లు తెగ తాగుతూ, తిండి మానేసి, పొట్ట పెరుగుతుంటే "చూలుతో ఉందేమో" అని ఎదురుచూడకండి. గర్భసంచిలో చీము పట్టి ఉండొచ్చు. వాసనతో చీము కారుతుంటే కనీసం కంటికి కనిపిస్తుంది, గర్భసంచి నోరు మూసుకుపోయి చీము లోపలే నిండితే ఇంకా ప్రమాదం. ఆ పొట్టను నొక్కి చూడొద్దు, సంచి పగలొచ్చు. అదే రోజు ఆసుపత్రికి తీసుకుపోవాలి.

జర్మన్ షెపర్డ్, డాబర్‌మన్, గ్రేట్ డేన్ లాంటి పెద్ద ఛాతీ కుక్కలున్నవాళ్లు ఒకేపూట గిన్నెడు పెట్టకుండా రెండు మూడు పూటలుగా పెట్టండి, తిన్న వెంటనే పరిగెత్తించకండి. పొట్ట గ్యాసుతో డప్పులా బిగిసి, కక్కబోయి ఏమీ రాక, చొంగ కారుస్తూ అటూ ఇటూ తిరుగుతుంటే లోపల జీర్ణాశయం మెలిపడి ఉండొచ్చు. సోడా, వాము నీళ్లు పట్టిస్తూ కూర్చోవద్దు. తెల్లారేదాకా ఆగితే బతకదు.

పిల్లులకు వెనక కాళ్ల ముందు కొంచెం చర్మం వేలాడుతుంది, అది మామూలే. చిన్న వయసు పిల్లికి జ్వరం విడవకుండా పొట్టలో నీరు చేరితే మాత్రం ఎఫ్‌ఐపీ అనే జబ్బు కావొచ్చు, ఇప్పుడు దానికి వైద్యం ఉంది, ఆలస్యం చేయకండి. మగపిల్లి మాటిమాటికీ మూత్రానికి కూర్చుని చుక్క కూడా రాక అరుస్తుంటే, కడుపు కింద గట్టిగా తగులుతుంటే అదీ ఆ గంటలోనే చూపించాల్సిన పనే. నొప్పికి మనం వేసుకునే మాత్రలు వేయొద్దు, పారాసిటమాల్ పిల్లిని చంపేస్తుంది.

తిరుపతిలో వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి ఉంది, చిత్తూరు వాళ్లకు దగ్గర్లోని పశువైద్యశాల. ఏ వేళల్లో చూస్తారో, స్కానింగ్ ఎప్పుడుంటుందో, రాత్రి ఎవరు పలుకుతారో ఈ వారమే కనుక్కుని నంబరు ఫ్రిజ్ మీద అంటించండి. ఫోనులో "పొట్ట ఉబ్బింది" అని మాత్రమే కాకుండా వయసు, బరువు, ఎప్పటి నుంచి, నీళ్లెంత తాగుతోంది, మూత్రం వస్తోందా, చివరి ఎద ఎప్పుడు, ఇప్పటిదాకా ఏ మాత్రలు వేశారు, అన్నీ చెప్పండి. పెదవి పైకెత్తి చిగుళ్ల రంగు కూడా చూసి చెప్పండి, తెల్లగా ఉంటే ఆ మాటే మొదట.