వేరుశనగ గట్టున ఆముదం

వేరుశనగ విత్తేటప్పుడే చేను చుట్టూ, గట్ల వెంట ఆముదం గింజలు కూడా నాటండి. వేరుశనగ ఆకు తినేసే పొగాకు లద్దెపురుగు తల్లికి (రెక్కల పురుగుకి) ఆముదం ఆకంటే మహా ఇష్టం, గుడ్లు ఎక్కువగా అక్కడే పెడుతుంది.

వారానికి రెండుసార్లు పొద్దున్నే వెళ్లి ఆకులు తిప్పి చూడండి. గోధుమరంగు నూగు కప్పిన గుడ్ల ముద్ద కనిపిస్తుంది, ఒక్కో ముద్దలో వందల గుడ్లు! పొదిగిన కొత్తలో పిల్ల పురుగులన్నీ ఒకే ఆకు మీద గుంపుగా ఉండి పచ్చదనం గీకేస్తాయి, ఆకు జల్లెడలా అయిపోతుంది. ఆ ఆకును మెల్లగా తుంచి సబ్బునీళ్లలో ముంచేయండి. ఆ నాలుగు రోజులు దాటాయా, చేనంతా చెదిరిపోతాయి. పెద్దవైతే పగలు మట్టిలో దాక్కుంటాయి, ఇక దొరకవు.

ఎకరాకు పది పంగల కర్రలు కూడా పాతండి, పైరు కంటే ఎత్తుగా. పసులపోలిగాళ్లు, గోరింకలు వాటిమీద వాలి, కిందికి దూకి పురుగును పట్టుకుపోతుంటే చూడముచ్చటగా ఉంటుంది. తొందరపడి మందు కొడితే సాలీళ్లు, అక్షింతల పురుగుల్లాంటి మన నేస్తాలే ముందు చస్తాయి.

తుంచిన ఆముదం ఆకులు మాత్రం పశువుల ముందు పడేయకండి, వాటికి విషం.