బడి నుంచి ఇంటికి కబురు: పిల్లల చదువు గురించి, జబ్బుల గురించి తల్లిదండ్రులకు ఎలా చెప్పాలి

2021 ఆగస్టు 16న ఆంధ్రప్రదేశ్‌లో బడులు మళ్లీ తెరిచిన రోజు నేను గేటు దగ్గర డ్యూటీలో ఉన్నాను. ఒక చేతిలో థర్మల్ గన్, ఇంకో చేతిలో శానిటైజర్ సీసా. మూడో తరగతి పాపని దింపడానికొచ్చిన ఒక తల్లి రెండే రెండు మాటలు అడిగింది. "మా పిల్ల చదివింది మర్చిపోయిందా టీచరమ్మా? లోపల ఎవరికైనా ఉందా?" ఉందా అంటే కరోనా ఉందా అని, ఆ పేరు పలకడానికే జనం భయపడేవాళ్లు అప్పుడు. ఆ పాప ఒకటో తరగతి చివర్లో ఉండగా 2020 మార్చిలో బడి మూతపడింది, మధ్యలో 2021 ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఏదో కాస్త నడిచింది, అంతే. తల్లి అడిగినదాంట్లో తప్పేమీ లేదు, కానీ ఆ రెంటికీ నా దగ్గర సరైన జవాబు లేదు.

అప్పటిదాకా మేము తల్లిదండ్రుల గ్రూపులో పెట్టినవి ఏమిటంటే, పైనుంచి వచ్చిన సర్క్యులర్లు ఉన్నవి ఉన్నట్టుగా. "అభ్యసన సామర్థ్యాల సాధనకు తల్లిదండ్రులు సహకరించవలెను", "కోవిడ్ నిబంధనలు విధిగా పాటించవలెను". చేలో కూలికి పోయి రాత్రి ఏడింటికి ఇంటికొచ్చిన మనిషి దాన్ని చదివి ఏం చేయాలి? ఆ తర్వాత నాలుగేళ్లలో మేము నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాను, ప్రభుత్వ ప్రాథమిక, ప్రాథమికోన్నత బడుల్లో పనిచేసే వాళ్లని మనసులో పెట్టుకొని. దీనంతటికీ ఒకటే కొలత: ఆ కబురు విన్న తల్లి ఈ రాత్రే చేయగలిగే పని అందులో ఒకటి ఉండాలి.

ముందు మనలో మనకి ఒక మాట కుదరాలి

మెసేజ్ రాయడానికి ముందు స్టాఫంతా ఒక పావుగంట కూర్చోండి. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు, టీచర్లు మాత్రమే కూర్చోవడం. తల్లిదండ్రులు ముందు అడిగేది మనల్ని కాదు, ఆయాని, మధ్యాహ్న భోజనం వండే వాళ్లని. వాళ్లు అదే ఊరివాళ్లు, అదే వీధివాళ్లు. "ఏమ్మా, మూడో తరగతి వాళ్లకి జ్వరాలంట కదా" అని బోరింగు దగ్గర అడిగితే ఆమె ఏం చెబుతుందో అదే ఊరంతా పాకుతుంది, మన వాట్సాప్ కబురు చేరేది ఆ తర్వాతే. అందుకే వాళ్లని కూడా కూర్చోబెట్టి, ఏం జరిగింది, ఏం చెప్పాలి, ఏది చెప్పకూడదు అనేది ఒకే మాటగా అనుకోవాలి. ఫోన్లు వస్తే ఎత్తే మనిషి కూడా ఒక్కరే ఉండాలి, హెచ్‌ఎం అయినా సరే, ఇంకొకరైనా సరే.

ఇంకొకటి, చదువు కబురునీ జబ్బు కబురునీ ఒకే మెసేజ్‌లో కలపకండి. జబ్బు మాట కనిపించగానే చదువు సంగతి ఎవరి కళ్లకీ ఆనదు.

చదువు గురించి చెప్పేటప్పుడు

గ్రేడు పంపితే కబురు పంపినట్టు కాదు. ఎఫ్‌ఏ (ఏడాది మధ్యలో పెట్టే చిన్న పరీక్ష) అయ్యాక "బీ2" అని పంపితే ఒక నాన్న ఫోన్ చేసి "అంటే పాసేనా మేడమ్?" అన్నాడు. ఆయనకి కావలసింది పిల్లవాడికి ఏం వచ్చు, ఏం రాదు అనేదే. అది చెప్పాలంటే ముందు మనకి తెలియాలి, దానికి అడ్డదారి లేదు. ఒక్కొక్కరినీ పక్కన కూర్చోబెట్టుకొని నాలుగైదు నిమిషాలు చదివించాలి, రెండు లెక్కలు చేయించాలి. మా తరగతిలో 28 మంది, రోజుకి నలుగురి చొప్పున ఏడు రోజులు పట్టింది. అక్షరాలు, పదాలు, చిన్న పేరా, చిన్న కథ, ఈ వరసలో ఎక్కడ ఆగుతున్నారో చూసి రాసుకోండి.

కరోనా తర్వాత మా పిల్లల్లో ఎక్కువమంది ఆగింది ఒత్తుల దగ్గర. గుణింతాలు గడగడా చెప్పే పిల్ల "చెట్టు"ని "చెటు" అని, "అక్క"ని "అక" అని చదివేది. లెక్కల్లో అయితే పక్క స్థానం నుంచి అరువు తెచ్చుకునే తీసివేతలు. 52లో 27 తీసేయమంటే 35 అని వేసేవాళ్లు. 2లోంచి 7 పోదు కాబట్టి తిరగేసి 7లోంచి 2 తీసేశారన్నమాట, ఆ తర్వాత 5లోంచి 2. జవాబు 25 రావాలి. పిల్ల ఏ అడుగులో తప్పుతోందో ఇలా పట్టుకుంటేనే ఇంటికి చెప్పడానికి మన దగ్గర ఒక మాట ఉంటుంది, లేకపోతే "ఇంకా బాగా చదివించాలి" అనే ఊకదంపుడే.

ఇక లక్ష్యం. కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం నిపుణ్ భారత్ 2021 జూలై 5న మొదలైంది, 2026-27 నాటికి మూడో తరగతి పూర్తయ్యేసరికి ప్రతి పిల్లకీ చదవడం, రాయడం, చిన్న లెక్కలు వచ్చి తీరాలనేది దాని ఉద్దేశం. తెలంగాణలో తొలిమెట్టు పేరుతో 2022లో మొదలైంది కూడా ఇలాంటి పనే. నిపుణ్ ప్రకారం ఒకటో తరగతికి 99 దాకా, రెండుకి 999, మూడుకి 9999 దాకా అంకెలు చదివి రాయాలి. ఈ అంకెలు తల్లిదండ్రులకి చెప్పొచ్చు, ఇట్టే అర్థమవుతాయి. కానీ మూడో తరగతికి నిమిషానికి 60 పదాలు అనే లెక్క మాత్రం ఇంటికి పంపకండి అని నా గట్టి అభిప్రాయం. తెలుగులో "వెళ్లిపోతున్నారంట" అనేది ఒక్క పదమే, దాన్నీ "ఇల్లు"నీ ఒకే గాటన కట్టి గడియారం పెడితే పిల్ల మీద టెన్షన్ తప్ప ఏమీ రాదు. వేగం మన రిజిస్టర్లో ఉంటే చాలు.

కబురులో మూడు విషయాలుండాలి: ఇప్పుడు ఎక్కడుంది, ఎప్పటికల్లా ఎక్కడికి రావాలి, ఇంట్లో ఏం చేయాలి. ముందు వచ్చింది చెప్పి, తర్వాత రానిది చెప్పండి. నేను ఒక తల్లికి పంపినది ఇదీ:

"నమస్తే అమ్మా. పాప గుణింతాలు చక్కగా చదువుతోంది. ఒత్తు వచ్చిన చోట ఆగిపోతోంది, చెట్టుని చెటు అంటోంది. దసరా సెలవుల లోపు ఒత్తులున్న చిన్న పదాలు ఆగకుండా చదివేలా చేస్తాను. మీరు రోజూ రాత్రి అన్నానికి ముందు వంటింట్లో ఉన్నవాటి పేర్లు ఐదు రాయించండి. ఉప్పు, పప్పు, బియ్యం, నెయ్యి, గిన్నె. రాసింది గట్టిగా చదవమనండి. మీకు చదవడం రాకపోయినా ఏం పర్లేదు, పక్కన కూర్చుని వినండి చాలు."

ఆ ఆఖరి వాక్యం తప్పకుండా ఉండాలి. నాకు చదువు రాదు, నేనేం చెప్పగలను అని తల్లులు వెనక్కి తగ్గుతారు, ఆ మాట మనం ముందే తీసేయాలి. బియ్యం డబ్బా, గిన్నె ఎదురుగా ఉంటాయి కాబట్టి పిల్ల తప్పు చదివితే తల్లి చెవికి వెంటనే తెలిసిపోతుంది.

ఇది గ్రూపులో పెట్టేది కాదు, ఎవరిది వాళ్లకే పంపాలి. పక్కింటి పిల్లతో పోలిక ఎంత మంచిగా చెప్పినా ఇంటికెళ్లేసరికి దెబ్బలవుతుంది. టైపు చేయడం కంటే వాయిస్ మెసేజ్ మేలు, ముప్పై నలభై సెకన్లు, మనం ఎదురుగా మాట్లాడినట్టు మాట్లాడితే సరిపోతుంది. పంపాల్సిన వేళ రాత్రి ఏడున్నర దాటాక, పొద్దున పంపితే పనుల హడావుడిలో కొట్టుకుపోతుంది. స్మార్ట్‌ఫోన్ లేని ఇళ్లకి నోటు పుస్తకంలో చీటీ అంటించి, దాన్ని పిల్లచేతే చదివించమని చెప్పండి. బడులు మూసి ఉన్న రోజుల్లో బియ్యం, గుడ్లు, చిక్కీలు ఇంటికి పంచేవాళ్లం కదా, నేను చాలామంది తల్లులతో నిజంగా మాట్లాడింది ఆ వరసలోనే. అప్పట్లో దూరదర్శన్ సప్తగిరి చానెల్లో పాఠాలు వచ్చేవి, టైమ్ టేబుల్ మేము శ్రద్ధగా పంపేవాళ్లం, కానీ ఇంట్లో టీవీ ఒకటే, ఆ వేళకి పెద్దవాళ్లు పనిలో ఉంటారు అనేది ఆ వరసలో నిలబడిన తల్లులు చెబితేనే మాకు తెలిసింది.

జబ్బు వచ్చినప్పుడు

ఇక్కడ మేము చేసిన తప్పు ముందు చెబుతాను. ఒక బాబుకి పాజిటివ్ వచ్చిందని తెలిసిన సాయంత్రం మా స్టాఫ్‌లో ఒకరు మంచి ఉద్దేశంతోనే, మిగతావాళ్లు జాగ్రత్త పడతారని, బాబు పేరుతో సహా గ్రూపులో పెట్టేశారు. పది నిమిషాల్లో తీసేశాం, కానీ అప్పటికే ఊరంతా తెలిసిపోయింది. మర్నాడు పాలు పోసే మనిషి వాళ్ల గుమ్మం ముందు ఆగలేదు. బాబుకి వారంలో తగ్గిపోయింది, బడికి మాత్రం నెల దాటాక గానీ రాలేదు, వాళ్లమ్మ పంపలేదు. ఆ తర్వాత మేము పెట్టుకున్న మొదటి నియమం: పేరు, వీధి, అన్నదమ్ముల వివరం, ఏదీ బయటికి పోకూడదు. తరగతి చెబితే చాలు. గ్రూపులో అడ్మిన్లు మాత్రమే రాసేలా సెట్టింగు కూడా ఆ రోజే మార్చాం.

అలాగని దాచడం కూడా తప్పే. దాస్తే ఒక్క కేసు సాయంత్రానికి పది కేసులై ఊళ్లో తిరుగుతుంది, మర్నాడు సగం తరగతి ఖాళీ. తెలిసిన రోజే చెప్పాలి, ఇలా: "మూడో తరగతిలో ఒకరికి కరోనా అని ఈ రోజు తెలిసింది. సోమవారం దాకా బడికి వచ్చారు. ఊరి నర్సు ఏఎన్ఎం గారికి చెప్పాం, పక్కన కూర్చున్న పిల్లల ఇళ్లకి విడిగా ఫోన్ చేశాం. మీ పిల్లలకి జ్వరం, దగ్గు, గొంతునొప్పి ఉంటే పంపకండి, ఈ నంబరుకి చెప్పండి. మళ్లీ రేపు సాయంత్రం ఆరింటికి కబురు చెబుతాం." ఆ ఆరింటికి కొత్త సంగతేమీ లేకపోయినా "కొత్తగా ఎవరికీ లేదు" అని పెట్టాల్సిందే. చెప్పిన వేళకి చెప్పారన్న నమ్మకం ఒకటి కుదిరితే పుకార్లు వాటంతట అవే సన్నబడతాయి.

"జాగ్రత్తలు తీసుకుంటున్నాం" అని రాయకండి, ఏ జాగ్రత్తో రాయండి. ఎందుకో కూడా ఒక ముక్క చెప్పండి. ఈ జబ్బు ఎక్కువగా ఊపిరి ద్వారా పాకుతుంది, కాబట్టి బెంచీలు తుడవడం కంటే కిటికీలు తెరిచి ఉంచడం ముఖ్యం. అప్పట్లో మాస్కు తీసేది అన్నం దగ్గరే, అందుకే తరగతికొక బ్యాచ్ చొప్పున వరండాలో దూరం దూరంగా కూర్చోబెట్టాం. ఇవి చెప్పాక "అయితే నా పిల్లని వరండా చివర కూర్చోబెట్టండి" అని తల్లులే సలహా ఇచ్చారు.

జ్వరంతో పంపకండి అని ఊరికే చెబితే సరిపోదు, ఎందుకు పంపుతున్నారో చూడాలి. తల్లి పనికి పోతే పిల్లని చూసేవాళ్లు లేరు, మధ్యాహ్నం అన్నం బడిలోనే. పైగా అప్పట్లో, పిల్లల్ని బడికి పంపే తల్లులకి ప్రభుత్వం డబ్బు వేసే అమ్మఒడికి 75 శాతం హాజరు ఉండాలన్న నిబంధన ఉండేది, ఒక రోజు మానితే ఆ డబ్బు పోతుందేమోనన్న భయం. దీనికి మనం "హాజరు వేసేస్తాం" అని మాట ఇవ్వకూడదు, అది మన చేతిలో లేదు, తప్పు కూడా. "ఫోన్ చేసి చెప్పండి, ఆసుపత్రి చీటీ దాచి ఉంచండి, జబ్బుతో రాలేదని హెచ్‌ఎం రిజిస్టర్లో రాస్తారు, ఒక్కరోజు జ్వరానికి ఏడాది హాజరు పోదు" అని లెక్క వేసి చూపించండి. ఇంట్లో ఉన్న పిల్లకి ఆ రోజు చేయడానికి ఒక్క చిన్న పని ఇవ్వండి, ఒక్కటే.

హైస్కూలు వాళ్లకి టీకాల కబురు పెద్ద పని అయింది. 2022 జనవరి 3 నుంచి 15-18 ఏళ్ల వాళ్లకి కొవాగ్జిన్, మార్చి 16 నుంచి 12-14 వాళ్లకి కార్బెవాక్స్. రెండూ హైదరాబాద్ కంపెనీలవే, ఆ ఒక్క మాటకి కొంతమంది నాన్నలు మెత్తబడ్డారని హైస్కూల్లో పనిచేసే స్నేహితురాలు చెప్పింది. తేదీ, ఎవరు వేస్తారు, తినేసి రావాలి, చెయ్యి నొప్పి, ఒక రోజు జ్వరం రావొచ్చు అనేది ముందే చెప్పేస్తే మర్నాడు భయంతో ఫోన్లు రావు.

ఒక జబ్బుకి రాసిన మెసేజ్ ఇంకో దానికి వాడకండి. 2023 వానల్లో కండ్లకలక వచ్చినప్పుడు మేము అలవాటుగా మాస్కుల మెసేజ్ తీయబోయాం. దానికి కావలసింది ఎవరి తువ్వాలు వాళ్లకే, కళ్లు నలపకుండా చేతులు కడుక్కోవడం. డెంగీ అయితే దూరం కూర్చోవడం వల్ల ఉపయోగమే లేదు, తొట్లు వారానికోసారి ఖాళీ చేసి ఆరబెట్టాలి.

పంపాక

ఒక పొడుగు నోటు పుస్తకం పెట్టుకోండి. తేదీ, ఎవరికి, ఏం చెప్పాం, వాళ్లేమన్నారు. పదిహేను రోజులకి ఆ పిల్లని మళ్లీ కూర్చోబెట్టి అదే పదం చదివించి, వచ్చిందంటే ఆ సంగతి ఇంటికి చెప్పండి, బడి నుంచి ఫోనంటే ఫిర్యాదే అనుకునే ఇళ్లు చాలా ఉన్నాయి. మొదటి నెలలో మా 28 మందిలో జవాబిచ్చింది తొమ్మిది ఇళ్లే. మిగతా 19 మందిలో ఆరుగురి నంబర్లు మారిపోయాయి, నలుగురు వలస వెళ్లి పిల్లల్ని అమ్మమ్మల దగ్గర వదిలారు, మిగిలిన వాళ్లు విన్నారు గానీ ఏం జవాబివ్వాలో తెలియక ఊరుకున్నారు. అందుకే ఇప్పుడు ప్రతి కబురు చివరా ఒకటే అడుగుతున్నాను, "విన్నాక పాపచేత నాకు ఒక్క పదం చదివించి వాయిస్ పెట్టండి" అని. వలస ఇళ్లకైతే అమ్మమ్మ ఫోన్‌కీ, ఊరు దాటి వెళ్లిన అమ్మ ఫోన్‌కీ రెంటికీ పంపుతున్నాను.