ఎండాకాలంలో మెలిపూసల రంగులు కలిసిపోకుండా

ఏప్రిల్ వచ్చిందంటే మా నల్లగొండలో పాలిమర్ క్లే (ఓవెన్‌లో కాలిస్తే గట్టిపడే ప్లాస్టిక్ ముద్ద) చేతిలోకి తీసుకోగానే జిగురుజిగురైపోతది. గద్వాల చీర అంచుకు మ్యాచింగ్ పూసలని ఎరుపు, పసుపు కలిపి మెలితిప్పితే, కోసేసరికి గీతలు అలుక్కుపోయి అంతా నారింజ రంగే. కూలర్ పెట్టినా పెద్ద తేడా ఉండదు.

దీనికి ఫ్రిజ్ చాలు. రెండు రంగులను 3 మిల్లీమీటర్ల మందంలో పొడుగు పుల్లల్లా పాముకోండి. పక్కపక్కన పెట్టి ఒక కొసను ముందుకు, ఇంకో కొసను వెనక్కు తిప్పండి. గీతలు సన్నగా కావాలంటే ఇంకొన్ని మెలికలు ఎక్కువ వేయాలె. అట్లా మెలితిరిగిన తీగను టైల్ ముక్క మీద నున్నగా దొర్లించి, బటర్ పేపర్‌లో చుట్టి ఫ్రిజ్ కింది అరలో 15 నిమిషాలు ఉంచండి. తీసిన వెంటనే బ్లేడుతో సెంటీమీటరు ముక్కలు కోయండి. బ్లేడు ఒక్కసారే నొక్కొద్దు, తీగను కొంచెం కొంచెం దొర్లిస్తూ కోస్తే పూస చప్పిడి కాదు.

రంధ్రానికి దబ్బనాన్ని బొంగరంలా తిప్పుతూ దింపండి. అవతల మొన కనపడగానే తీసేసి, అటువైపు నుంచి మళ్లీ దింపితే అంచు చిట్లదు. కాల్చేది ప్యాకెట్ మీద రాసిన వేడిలోనే, ఎక్కువ రకాలకు 110 నుంచి 130 డిగ్రీలు.

మెలితిప్పకముందే చల్లబెట్టారంటే మాత్రం తీగ పటపటా విరిగిపోతది. ముందు మెలిక, తర్వాతే ఫ్రిజ్. గాలికి ఆరే క్లేకు ఈ పద్ధతి పనికిరాదు.