విండోస్ 11 ఎక్కించే ముందు ప్రాసెసర్ నంబర్ చూడండి

విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. ఆ టెన్షన్‌తోనే మా బావగారు "11 వేయించేయమంటావా?" అని లాప్‌టాప్ పట్టుకొచ్చారు.

సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో అబౌట్ తెరిస్తే ప్రాసెసర్ పేరు కనిపిస్తుంది. ఆయనది ఐ5-7200యూ. గీత తర్వాత 7 ఉందంటే 7వ జనరేషన్. (10210 లాంటి ఐదంకెలైతే మొదటి రెండూ కలిపి 10 అని చదవాలి.) ఇంటెల్‌లో ఏవో ఒకటి రెండు తప్ప 8వ జనరేషన్ నుంచే 11కి అర్హత. అడ్డదారిలో ఎక్కించేవాళ్లు ఉన్నారు గానీ తర్వాత అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదు. నేనైతే వద్దన్నాను.

ప్రాసెసర్ సరిపోయినా "టీపీఎం (11 అడిగే భద్రతా చిప్) లేదు" అని చూపిస్తే కంగారు పడకండి. చాలాసార్లు అది బయోస్‌లో (విండోస్ మొదలవకముందే తెరుచుకునే సెట్టింగ్స్‌లో) ఆఫ్ చేసి ఉంటుందంతే. ఇంటెల్‌లో పీటీటీ, ఏఎండీలో ఎఫ్‌టీపీఎం అనే పేర్లతో వెతికి ఆన్ చేయండి.

11కి 4 జీబీ ర్యామ్ చాలని మైక్రోసాఫ్ట్ రాసి ఉంటుంది. పాత హార్డ్‌డిస్క్ మీద అంతే ర్యామ్‌తో నడిపితే, ఎక్సెల్ తెరుచుకునేలోపు టీ పెట్టుకుని రావచ్చు! ముందు ఎస్‌ఎస్‌డీ (హార్డ్‌డిస్క్ కంటే చాలా వేగంగా పనిచేసే డిస్క్) వేయించండి.

ఎక్కించాక నచ్చకపోతే 10 రోజుల్లోపు సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో రికవరీలో "గో బ్యాక్" నొక్కి పాతదానికి వచ్చేయొచ్చు. ప్రింటర్, పాత పేజ్‌మేకర్, అను ఫాంట్లు పనిచేస్తున్నాయో లేదో ఆలోపే చూసుకోండి. ఆ 10 రోజులూ డిస్క్ క్లీనప్ జోలికి మాత్రం వెళ్లకండి, పాత విండోస్ ఫోల్డర్ ఎగిరిపోతుంది.